ఏ వార్త చదవాలి, ఏ కోర్సు వదలాలి

"సార్, ఇప్పుడు ఏది నేర్చుకుంటే బాగుంటుంది?" అని అడగని కుర్రవాడు ముప్పై ఏళ్ళ ఉద్యోగంలో నాకు తగల్లేదు. ప్రశ్న అదే. జవాబే రెండు మూడేళ్ళకోసారి మారుతూ వచ్చింది. వై2కే రోజుల్లో కోబాల్, మెయిన్‌ఫ్రేమ్ అన్నారు. తర్వాత జావా, డాట్ నెట్. ఆపైన టెస్టింగ్ టూల్స్, హడూప్, డేటా సైన్స్. ఇప్పుడు ఏఐ. అమీర్‌పేటలో మైత్రీవనం చుట్టూ కట్టిన ఫ్లెక్సీలు చూస్తే చాలు, ఆ ఏడాది పరిశ్రమ ఏం కలవరిస్తోందో తెలిసిపోయేది. ఆ ఇన్‌స్టిట్యూట్లను నేను వెక్కిరించను. నెలల కోర్సుతో, జిరాక్స్ మెటీరియల్‌తో ఎన్నో కుటుంబాలు ఒడ్డున పడ్డాయి. కాకపోతే అక్కడ దొరికేది మొదటి ఉద్యోగానికి సరిపడే చదువు. ఆ తర్వాతి పాతికేళ్ళకు కావలసింది ఎవరికి వారే సంపాదించుకోవాలి. రోజూ వచ్చిపడే వార్తల్ని అందుకు ఎలా వాడుకోవచ్చో, ఉచితంగా దొరికే పాఠాల్లో వేటిని పట్టుకోవాలో నాకు తెలిసినంతలో చెబుతాను.

1. 'ఏమైంది' దగ్గర ఆగిపోవద్దు, 'ఎలా' దాకా వెళ్ళండి

2024 మార్చి 29న ఆండ్రెస్ ఫ్రాయిండ్ అనే ఇంజనీరు ఒక హెచ్చరిక బయటపెట్టాడు. లైనక్స్‌లో ఎక్కడ చూసినా ఉండే ఎక్స్‌జెడ్ అనే కంప్రెషన్ ప్యాకేజీలో, 5.6.0, 5.6.1 వర్షన్లలో, ఎవరో దొడ్డిదారి పెట్టారని. మర్నాటికి ప్రపంచమంతా గుప్పుమంది. "అమ్మో, ఎంత ప్రమాదం తప్పింది" అనుకొని చాలామంది వేరే వార్తకు వెళ్ళిపోయారు. అసలు చదువంతా ఆ తర్వాతే ఉంది.

ఆయన భద్రతా నిపుణుడు కాదు, పోస్ట్‌గ్రెస్ డేటాబేస్ మీద పనిచేసే మనిషి. డెబియన్ అన్‌స్టేబుల్ వర్షన్ మీద వేగం కొలుస్తున్నాడు. ఎస్‌ఎస్‌హెచ్ లాగిన్ దగ్గర సీపీయూ వాడకం ఎక్కువగా కనబడింది. లాగిన్‌కు పట్టే సమయం సుమారు అర సెకను పెరిగింది. మామూలువాళ్ళం "నెట్ స్లోగా ఉంది" అనుకుంటాం. కొన్ని వారాల ముందు వాల్‌గ్రైండ్ అనే పరికరం ఏదో వింత ఫిర్యాదు చేసిన సంగతి ఆయనకు గుర్తొచ్చింది. రెండూ కలిపి లాగితే తీగ ఎక్స్‌జెడ్ దాకా వెళ్ళింది.

ఇప్పుడు 'ఎలా' అని అడగండి. ఎస్‌ఎస్‌హెచ్ సర్వర్‌కు కంప్రెషన్ లైబ్రరీతో పనేమిటి? నేరుగా ఏ పనీ లేదు. కొన్ని లైనక్స్ పంపిణీలు సర్వీసులను నడిపించే సిస్టమ్‌డీకి కబురు పంపడానికి ఎస్‌ఎస్‌హెచ్‌కి ఒక చిన్న అతుకు వేశాయి. సిస్టమ్‌డీ లైబ్రరీ వెంట ఎక్స్‌జెడ్ లైబ్రరీ కూడా మెమరీలోకి వచ్చి కూర్చుంది. మరి ఇందరు చూస్తుండగా ఆ కోడ్ ఎలా దూరింది? గిట్‌లో అందరికీ కనబడే సోర్సులో దాన్ని మేల్కొలిపే ముక్క లేదు. విడుదల చేసిన టార్ ఫైలులోని బిల్డ్ స్క్రిప్టులో ఉంది. అసలు విషం టెస్టుల కోసం పెట్టినట్టున్న ఫైళ్ళలో దాక్కుంది. ఎవరు పెట్టారు? జియా టాన్ అనే పేరుతో రెండేళ్ళకు పైగా ఓపిగ్గా మంచి మార్పులు పంపి, ఒంటిచేత్తో ప్రాజెక్టు నడుపుతూ అలసిపోయిన నిర్వాహకుడి నమ్మకం సంపాదించిన ఒక వ్యక్తి, లేదా బృందం.

ఈ ఒక్క వార్త నుంచి ఎన్ని పాఠాలు పిలకలేస్తాయో చూడండి. షేర్డ్ లైబ్రరీ ఎలా లోడవుతుంది, ఒక ప్రోగ్రాం ఏయే లైబ్రరీల మీద ఆధారపడుతుందో ఎలా తెలుసుకోవాలి, బిల్డ్ స్క్రిప్టులు ఏం చేస్తాయి, పనితీరు ఎలా కొలవాలి. మీ లైనక్స్ యంత్రంలో ఎల్‌డీడీ కమాండ్ కొట్టి చూస్తే మొదటి పాఠం పది నిమిషాల్లో మొదలవుతుంది. నెలకు ఇలాంటి వార్త ఒక్కటి పూర్తిగా తవ్వినవాడికి, రోజూ యాభై శీర్షికలు చదివేవాడికి ఏడాది తిరిగేసరికి పోలికే ఉండదు.

2. మూలం చదవండి, ముఖ్యంగా వార్త మన గురించే అయినప్పుడు

2018 ఫిబ్రవరిలో ఒక తెలుగు అక్షరం ఐఫోన్లను కుప్పకూలుస్తోందని దేశదేశాల వార్తలొచ్చాయి. ఆ అక్షరం పంపితే మెసేజింగ్ యాప్‌లు తెరుచుకోవడం మానేసేవి. మనవాళ్ళు కొందరు నవ్వుకున్నారు, కొందరు నొచ్చుకున్నారు. ఏం జరిగిందో వివరంగా చదివినవాళ్ళు తక్కువ.

జ కింద ఞ ఒత్తు, ఆ తర్వాత కంటికి కనబడని ఒక యూనికోడ్ గుర్తు, ఆపైన దీర్ఘం. ఈ వరసలో కూర్చినప్పుడు ఆపిల్ వాళ్ళ అక్షరాలు గీసే సాఫ్ట్‌వేర్ తడబడింది. ఆ కనబడని గుర్తును జీరో విడ్త్ నాన్ జాయినర్ అంటారు. రెండు అక్షరాలను కలవనివ్వకుండా ఆపడం దాని పని. బెంగాలీలో, దేవనాగరిలో కూడా కొన్ని కూర్పులు ఇదే పని చేశాయి. కాబట్టి తెలుగు అక్షరం చేసిన పాపం ఏమీ లేదు. భారతీయ లిపుల్లో అక్షరాలు ఒకదాని మీద ఒకటి ఎక్కి, కిందికి దిగి, పక్కకు జరిగి కూర్చునే తీరుకు సరిపడా పరీక్షలు జరగలేదు. ఫిబ్రవరి 19న ఐఓఎస్ 11.2.6తో ఆపిల్ దాన్ని సరిచేసింది.

దీన్నుంచి పైథాన్ నేర్చుకునే తెలుగు పిల్లలకు నేనొక చిన్న పని చెబుతుంటాను. 'జ్ఞా' అని టైపు చేసి దాని పొడవు అడగండి. కంటికి ఒక్కటే అక్షరం, పైథాన్ మాత్రం 4 అంటుంది: జ, పొల్లు, ఞ, దీర్ఘం. యూటీఎఫ్-8లో భద్రపరిస్తే 12 బైట్లు. ఇది తెలిసినవాడు తెలుగు పేర్లున్న ఫారంలో అక్షరాల పరిమితి పెట్టేటప్పుడు ఒకటికి రెండుసార్లు ఆలోచిస్తాడు. తెలియనివాడు మన పేర్లను ఒత్తు దగ్గర నరికేస్తాడు. అలా నరికిన పేర్లు గుర్తింపు కార్డుల మీద మీరూ చూసే ఉంటారు.

మూలం అంటే ఏవి? పైథాన్‌కి ప్రతి వర్షన్‌తో 'వాట్స్ న్యూ' అని ఒక పత్రం వస్తుంది. భాషలో మార్పు ఎందుకు కావాలో, ఎవరు వద్దన్నారో, ఏ దారులు తోసిపుచ్చారో పెప్‌లలో ఉంటుంది. జావాకు జెప్‌లున్నాయి. ఇంటర్నెట్ నియమాలకు ఆర్‌ఎఫ్‌సీలు, మొదటిది 1969 ఏప్రిల్‌లో వెలువడింది, అన్నీ ఉచితమే. లైనక్స్ లోపలి సంగతులకు 1998 నుంచి ఎల్‌డబ్ల్యుఎన్ అనే వార్తా సైటు ఉంది. చందా కట్టినవాళ్ళకు ముందు, కొద్ది రోజుల తర్వాత అందరికీ. తోసిపుచ్చిన దారులు చదవడం నాకు మరీ ఇష్టం. ఇంజనీరింగ్ బుర్ర అక్కడే కనబడుతుంది.

3. పాత పుస్తకం కొత్త వార్తను చదివిస్తుంది

అబిడ్స్‌లో ఆదివారం పుస్తకాలు పరిచే ఫుట్‌పాత్ మీద కెర్నిఘన్, రిచీల సీ పుస్తకం కనబడితే ఇప్పటికీ ఆగి పేజీలు తిప్పుతాను. 1978లో మొదటి కూర్పు, 1988లో రెండోది. మూడొందల పేజీలైనా లేని ఆ పుస్తకం పాయింటర్ అంటే ఏమిటో చెప్పినంత సూటిగా తర్వాత వచ్చినవి చెప్పలేదని నా అభిప్రాయం. "సీలో ఇప్పుడు ఉద్యోగాలేవి సార్" అంటారు. ఉద్యోగం కోసం చదవమనడం లేదు.

ఈ మధ్య రస్ట్ భాష పేరు తరచుగా వింటున్నారు కదా. 2024 ఫిబ్రవరిలో అమెరికా వైట్‌హౌస్ సైబర్ కార్యాలయం మెమరీ భద్రత ఉన్న భాషలకు మారమని నివేదిక ఇచ్చింది. 2022 చివర్లో వచ్చిన లైనక్స్ 6.1లో రస్ట్‌కు చోటు దొరికింది. ఇదంతా ఫ్యాషన్ అనుకుంటే పొరపాటు. తమ ఉత్పత్తుల్లో ఏటా సరిదిద్దే భద్రతా లోపాల్లో 70 శాతం దాకా మెమరీకి సంబంధించినవేనని మైక్రోసాఫ్ట్ 2019లో చెప్పింది. ఆండ్రాయిడ్‌లో కొత్త కోడ్‌ను ఇలాంటి భాషల్లో రాయడం మొదలుపెట్టాక ఆ వాటా 2019లోని 76 శాతం నుంచి 2024కి 24 శాతానికి దిగిందని గూగుల్ ప్రకటించింది. పాయింటర్ హద్దు దాటితే ఏమవుతుందో తెలియనివాడికి ఈ అంకెలు వట్టి అంకెలే. సీలో నాలుగు రోజులు చేతులు కాల్చుకున్నవాడికి రస్ట్ కంపైలర్ ఎందుకంత చాదస్తంగా తిడుతుందో వెంటనే అర్థమవుతుంది.

4. ప్రమాద నివేదికలు మీ సిలబస్

నా వరకు ఇదే అన్నిటికంటే ముఖ్యమైన మాట. పెద్ద సంస్థలు తమ సర్వీసు పడిపోయాక ఎందుకు పడిందో రాసి బయటపెడతాయి. ఏ కాలేజీలోనూ దొరకని పాఠం, పైసా ఖర్చు లేదు.

2024 జులై 19 గుర్తుందా? క్రౌడ్‌స్ట్రైక్ భద్రతా సాఫ్ట్‌వేర్‌కు పంపిన ఒక చిన్న కాన్ఫిగరేషన్ ఫైలుతో ప్రపంచవ్యాప్తంగా సుమారు 85 లక్షల విండోస్ యంత్రాలు నీలి తెర చూపించాయి. మన హైదరాబాద్ విమానాశ్రయంలో బోర్డింగ్ పాసులు చేత్తో రాసిచ్చారు. ఆ ఫైలును 78 నిమిషాల్లో వెనక్కి తీసుకున్నా అప్పటికే జరగాల్సింది జరిగిపోయింది. ఆ ఆగస్టులో వచ్చిన నివేదిక చదివితే కారణం మరీ చిన్నది. ఒక నమూనాలో 21 ఇన్‌పుట్ గడులున్నాయని నిర్వచించారు, కోడ్ ఇచ్చేది 20. పరీక్షల్లో ఆ 21వ గడికి 'ఏదైనా సరే' అనే గుర్తు పెట్టడంతో ఎవరూ దాన్ని తడిమి చూడలేదు. మొదటిసారి నిజంగా 21వ గడిని చూడమన్న రోజున కోడ్ లేనిచోట చదివింది, అదీ ఆపరేటింగ్ సిస్టమ్ గుండెలో. సీ మొదటి నెలలో చెప్పే తప్పు! పైగా ఆ ఫైలును అందరికీ ఒక్కసారిగా పంపారు, కొద్దిమందికి ముందు పంపి చూడలేదు.

ఇది చదివి "ఓహో, రస్ట్‌లో రాసుంటే బతికిపోయేవాళ్ళు" అనుకునేవాళ్ళ కోసం 2025 నవంబర్ 18 వచ్చింది. ఎన్నో వెబ్‌సైట్లకు ముందు నిలబడే క్లౌడ్‌ఫ్లేర్ సంస్థలో ఒక డేటాబేస్ అనుమతుల్ని మార్చారు. దాంతో ఒక క్వెరీ ఒకే వరుసల్ని మళ్ళీ మళ్ళీ ఇచ్చింది. బాట్‌లను గుర్తించే ఫైలు ఉబ్బిపోయింది. దాన్ని చదివే ప్రోగ్రాంకు 200 అంశాలనే పరిమితి ఉంది, మామూలుగా వాడేవి 60 చిల్లర. పరిమితి దాటగానే 'తప్పు రాదులే' అన్న ధీమాతో రాసిన అన్‌ర్యాప్ అనే పిలుపు దగ్గర ప్రోగ్రాం చచ్చిపోయింది. ఆ ప్రోగ్రాం రాసింది రస్ట్‌లోనే. మెమరీ చెక్కుచెదరలేదు, చాట్‌జీపీటీ, ఎక్స్ లాంటి ఎన్నో సైట్లు మాత్రం గంటల తరబడి తెరుచుకోలేదు. వాళ్ళ ఇంజనీర్లు మొదట ఎవరో దాడి చేస్తున్నారని అనుమానించారట. ఆ అనుమానం ఎంతసేపు పక్కదారి పట్టించిందో కూడా దాచకుండా, అదే రోజు వివరం రాసి పెట్టారు. ఆ నిజాయితీ నాకు నచ్చింది. మన సర్వీసు కంపెనీల్లో ఇలాంటి కాగితం క్లయింటుకి మాత్రమే వెళుతుంది, పక్క టీమ్‌కి కూడా చూపించరు.

పాత వాటిలో గిట్‌ల్యాబ్ 2017 జనవరి 31 నివేదిక తప్పకుండా చదవండి. అలసిపోయిన ఇంజనీరు ఒకరు తప్పు సర్వర్ మీద డేటా తుడిచేశారు. ఐదు రకాల బ్యాకప్ ఏర్పాట్లుంటే అవసరానికి ఏదీ సరిగా ఆదుకోలేదు. సుమారు ఆరు గంటల డేటా పోయింది. బ్యాకప్ ఉందా అని కాక, తిరిగి ఎప్పుడు ఎక్కించి చూశారు అని అడగడం అది చదివినవాళ్ళకు అలవాటవుతుంది.

5. ఆగిపోయే తేదీలు గోడ మీద రాసుకోండి

కొత్త వర్షన్ వార్త తప్పిపోయినా కొంప మునగదు. పాతదానికి మద్దతు ఆగే తేదీ తప్పితే మునుగుతుంది. పైథాన్ 2కి 2020 జనవరి 1, ఫ్లాష్‌కు అదే ఏడాది డిసెంబర్ 31, ఆంగ్యులర్‌జేఎస్‌కి 2021 డిసెంబర్ 31, విండోస్ 10కి 2025 అక్టోబర్ 14. ఇప్పుడు ప్రతి పైథాన్ వర్షన్‌కూ ఐదేళ్ళే ఆయుష్షు. 3.9 గడువు 2025 అక్టోబర్‌లో తీరింది, 3.10కి 2026 అక్టోబర్. జావా వాళ్ళు 17, 21, 25 వర్షన్లలో ఏది ఏ లెక్కన ఎంచుకోవాలో కంపెనీ చెప్పేదాకా ఆగకుండా ముందే తెలుసుకోండి. ఇంతే.

6. ఒక్క కోర్సు పట్టుకోండి, చివరిదాకా

ఉచిత కోర్సులకు లోటు లేదు, అదే చిక్కు. ఊరగాయ జాడీల్లా వరసగా పేర్చుకుంటారు, ఒక్కదాని మూత తీయరు. ఇరవై కోర్సుల మొదటి మూడు వీడియోలు చూసినవాడికి ఇరవైసార్లు 'వేరియబుల్ అంటే ఏమిటి' అన్నది వచ్చుంటుంది.

ఏదీ తెలియనివాళ్ళకు హార్వర్డ్ సీఎస్50. స్క్రాచ్‌తో మొదలై సీలోకి దించుతుంది, తర్వాత పైథాన్, ఎస్‌క్యూఎల్. అసైన్‌మెంట్లు చేస్తే తప్ప లాభం లేదు. మన ఐఐటీల ఎన్‌పీటీఈఎల్‌లో పాఠాలు ఉచితం, సర్టిఫికెట్ పరీక్షకే రుసుము. పాఠాలు కొంచెం పొడిగా ఉంటాయి, ఓర్చుకోండి. కాలేజీలో ఆపరేటింగ్ సిస్టమ్స్ బట్టీ పట్టి పాసైనవాళ్ళకు విస్కాన్సిన్ ప్రొఫెసర్ల 'త్రీ ఈజీ పీసెస్' పుస్తకం ఉంది. అధ్యాయాలన్నీ ఉచితంగా దొరుకుతాయి, చదువుతుంటే నవ్వొస్తుంది కూడా. డేటాబేస్‌లు లోపల ఎలా కదులుతాయో కావాలంటే కార్నెగీ మెలన్ వాళ్ళ పాఠాలు. ఇక ఎంఐటీ 'మిస్సింగ్ సెమిస్టర్' గురించి ప్రత్యేకంగా చెప్పాలి. షెల్, గిట్, డీబగ్గింగ్ లాంటి, ఏ సిలబస్‌లోనూ లేని, రోజూ కావలసిన పనులు అందులో నేర్పుతారు. బీటెక్ నాలుగేళ్ళు చదివి గిట్‌లో బ్రాంచి కలపడం రాని పిల్లలు ఇంటర్వ్యూలకు వస్తుంటారు, వాళ్ళ తప్పేం లేదు, ఎవరూ చెప్పలేదు.

ఏది పట్టుకోవాలన్నది పెద్ద ప్రశ్న కాదు. నిన్నటి పనిలో మీకు ఎక్కడ అర్థంకాలేదో అక్కడికి దగ్గరగా ఉన్నది పట్టుకోండి. సర్టిఫికెట్ లింక్డ్ఇన్‌లో పెట్టుకుంటే పెట్టుకోండి. ఇంటర్వ్యూలో నేను దాన్ని చూసి ఒకే ప్రశ్న అడుగుతాను: "ఇందులో మీకు చెమటలు పట్టించిన అసైన్‌మెంట్ ఏది?"

7. ఏఐ చేత రాయించండి, గడియారం మీరు పట్టుకోండి

పిల్లలందరూ అడిగేది ఇదే కాబట్టి సూటిగా చెబుతాను. వాడండి. వాడొద్దనే పెద్దల మాట వినకండి. వై2కే నాడు డీబగ్గర్ వాడితే సోమరితనం అన్నవాళ్ళనూ చూశాను.

అయితే ఒక సంగతి. మీటర్ అనే పరిశోధనా సంస్థ 2025 జులైలో ఒక ప్రయోగం ఫలితాలు ప్రకటించింది. 16 మంది అనుభవమున్న ఓపెన్ సోర్స్ ప్రోగ్రామర్లు, వాళ్ళకు బాగా తెలిసిన ప్రాజెక్టుల్లోనే 246 పనులు. కొన్నిటికి ఏఐ వాడవచ్చు, కొన్నిటికి కూడదు. సమయం 24 శాతం తగ్గుతుందని మొదట వాళ్ళ అంచనా. పనయ్యాక 20 శాతం తగ్గిందనుకున్నారు. లెక్క చూస్తే 19 శాతం పెరిగింది. చిన్న ప్రయోగమే, 2025 తొలి నెలల పనిముట్లే, కాబట్టి ఏఐ దండగ అని దీన్నుంచి తేల్చలేం. నాకు కనబడిన సంగతి మరొకటి: వేగం గురించి మన మనసు చెప్పేది నమ్మదగ్గది కాదు. ఫ్రాయిండ్ అర సెకను పట్టుకున్నది కొలత ఉండబట్టే.

'వైబ్ కోడింగ్' అనే మాట 2025 ఫిబ్రవరిలో ఆంద్రే కార్పతీ నోట వచ్చింది. వారాంతంలో సరదాగా చేసి పారేసే ప్రాజెక్టులకు ఫర్వాలేదని ఆయనే అన్నాడు. ఆ సగం ఎవరికీ గుర్తులేదు. మీ కోడ్ బ్యాంకులోనో ఆసుపత్రిలోనో నడిచేదైతే ప్రతి వరుసా మీరే చదవాలి. ఏఐ అప్పుడప్పుడు లేని లైబ్రరీల పేర్లు చెబుతుంది. ఆ పేర్లతోనే ఎవరైనా దొంగ ప్యాకేజీ పెట్టి కాచుకుని ఉండవచ్చు. ఇన్‌స్టాల్ చేసే ముందు అది ఎవరిదో, ఎప్పటినుంచి ఉందో చూడటం రెండు నిమిషాల పని. నేర్చుకునే రోజుల్లో మాత్రం ముందు మీరు రాసి, తర్వాత దాన్ని అడగండి: ఇందులో తప్పేమిటి, ఈ మాట అధికారిక పత్రంలో ఎక్కడుంది అని. ఆ వరస తిరగబడితే కోడ్ పెరుగుతుంది, మీరు పెరగరు.

8. చదివింది తెలుగులో ఒక పేజీ రాయండి

తెలుగు మీడియంలో చదివి వచ్చిన పిల్లలు డాక్యుమెంటేషన్ తెరవడానికి జంకుతారు. భయపడాల్సినంత ఇంగ్లీషు అందులో ఉండదు. చిన్న వాక్యాలు, తిరిగి తిరిగి వచ్చే రెండొందల మాటలు. రోజుకు ఒక పేజీ చొప్పున నెల రోజులు కూర్చుంటే అలవాటైపోతుంది. వీడియోలతో సరిపెట్టుకుంటే ఆ జంకు పోదు.

చదివాక, ఆ వార్తో నివేదికో మీ ఊళ్ళో ఇంటర్ చదివే తమ్ముడికి చెబుతున్నట్టు తెలుగులో రాయండి. సర్వర్‌ను సర్వర్ అనే రాయండి, మాటల కోసం వెతుక్కోనక్కర్లేదు. ఎక్కడ కలం ఆగుతుందో అక్కడ మీకు అర్థంకాలేదని తెలిసిపోతుంది. స్వేచ్ఛ వంటి సంస్థలు తెలుగులో సాఫ్ట్‌వేర్ కోసం ఏళ్ళుగా పనిచేస్తున్నాయి, హైదరాబాద్‌లో పైథాన్ బృందాలు కలుస్తుంటాయి, అక్కడ చదివి వినిపించండి. ఇంత పెద్ద ఐటీ జనాభా ఉన్న మన భాషలో క్రౌడ్‌స్ట్రైక్ ఎలా పడిందో, ఎక్స్‌జెడ్‌ను ఎలా పట్టుకున్నారో లోతుగా చెప్పే వ్యాసాలు వేళ్ళ మీద లెక్కపెట్టేటన్నే. అమెరికాలోనూ బెంగళూరులోనూ పెద్ద పదవుల్లో ఉన్న మనవాళ్ళకు నా మనవి కూడా ఇదే: నెలకొక ప్రమాద నివేదిక తీసుకొని తెలుగులో విడమరిచి రాయండి. క్లౌడ్‌ఫ్లేర్‌ది ముందు రాయండి, అందరికీ అర్థమయ్యేది అదే.